పొదుపు కంటే ముందు సంపాదన గురించి చెప్పండి

"చదవకపోతే గేదెలు కాసుకుంటావు" అనే బెదిరింపు వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. ఇప్పుడు గేదెల పక్కన ఆటో, డెలివరీ సంచీ కూడా చేరాయి. పొద్దున్నే ఆ గేదె పాలే తాగించి, ఆ ఆటోలోనే బడికి పంపుతూ, ఆ పని చేసేవాళ్లను చూపించి పిల్లలను భయపెడుతున్నాం. మనుషులు డబ్బు ఎలా సంపాదిస్తారన్న విషయంలో మన ఇళ్లలో మొదటి పాఠం ఇదే: కొన్ని పనులు చదవనందుకు పడే శిక్ష. ఐదేళ్ల వయసులో ఈ విషం ఎక్కించాక, పదో తరగతిలో శ్రమ గౌరవం మీద వ్యాసం రాయించి ఏం లాభం?

మరోపక్క పిల్లలకు డబ్బు పాఠాలు చెబుతామంటూ కొత్త వ్యాపారం మొదలైంది. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు షేర్ మార్కెట్ తరగతులు పెడుతున్నారు. డిబ్బీలో వేసిన వంద రూపాయలు పదేళ్లకు ఎంతవుతాయో లెక్క కట్టిస్తారు. ఆ వంద ఇంట్లోకి ఎవరి పని వల్ల వచ్చిందో ఒక్క ముక్క చెప్పరు. 2016లో యూపీఐ వచ్చాక, నాన్న జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టడం కూడా పిల్లలకు కనిపించడం తగ్గిపోయింది. పాఠ్యపుస్తకాల్లో వృత్తుల పాఠం ఉంటుంది: కుమ్మరికి కుండ, వడ్రంగికి రంపం, జతపరచండి. ఎన్ని కుండలు అమ్ముడుపోతే ఆ ఇంట్లోకి బియ్యం వస్తాయో అందులో ఉండదు.

అసలు ఆ గేదెల లెక్కతోనే మొదలుపెట్టవచ్చు. పాల సేకరణ కేంద్రంలో అందరి పాలకూ ఒకే ధర రాదు, వెన్న శాతం చూసి కడతారు. పది రోజులకో పదిహేను రోజులకో బిల్లు వస్తుంది. అందులోంచి దాణా, తవుడు, పశువైద్యుడి ఖర్చు పోవాలి. గేదె వట్టిపోయిన నెలల్లో పాలుండవు, మేత మాత్రం తప్పదు. కూడికలు, తీసివేతలు వచ్చిన పిల్ల ఈ లెక్క చేయగలదు. చేశాక, గేదెలు కాయడం తెలివి అక్కర్లేని పని అని ఆ పిల్లను ఎవరూ నమ్మించలేరు.

ఇంకొంచెం పెద్ద పిల్లలకు టమాటా గురించి చెప్పాలి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో మేలురకం కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. ధర పడిపోయినప్పుడు కోత కూలీ కూడా రాదని రైతులు కాయను తోటలోనే వదిలేసిన, రోడ్డు పక్కన పారబోసిన సందర్భాలూ ఉన్నాయి. నారు అదే, కట్టెలు పాతి దారం కట్టిన చేతులు అవే, మందుల ఖర్చు అదే. కష్టపడితే డబ్బు వస్తుందని పిల్లలకు చెబుతాం. అది సగం నిజం. ఆ రోజు మార్కెట్‌కు ఎంత సరుకు వచ్చింది, బయటి రాష్ట్రాల వ్యాపారులు ఎంత కొన్నారు, మండీ కమీషన్ ఎంత, కౌలు ఎవరికి కట్టాలి అన్నవి మిగతా సగం. పొలంలో అడుగు పెట్టకుండానే కౌలు అందుకునేవారు ఉంటారని కూడా చెప్పాలి. ఎందుకని పిల్ల అడుగుతుంది. అడగాలి. పొలం ఎవరిది, వారికి ఎలా వచ్చింది అనే మాట అక్కడే మొదలవుతుంది.

బీడీలు చుట్టేవారికి వెయ్యికింత అని ఇస్తారు. బాగాలేవని పక్కన పడేసినవాటికి పైసా రాదు. ఉపాధి హామీలో 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలీ రేటు 300 రూపాయలు, అదీ తవ్విన మట్టి కొలతను బట్టి. జ్వరం వచ్చిన రోజు కూడా జీతం వచ్చేవారు కొందరే ఉంటారని పిల్లలకు తెలియాలి.

చింతకింది మల్లేశం గారి సంగతి చూడండి. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబం. పోచంపల్లి రకం చీర దారానికి రంగులద్దే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారం తిప్పుతూ ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ కదపాలి. ఆ ఇంట్లో ఆ పని తల్లిది, భుజం నొప్పీ ఆమెదే. ఆరో తరగతితో బడి ఆగిపోయిన ఆ కొడుకు ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. బడి మానడం మంచిదని ఎవరూ అనరు, ఆయన చదువు ఆగకుండా ఉంటే ఇంకా బాగుండేది. కానీ అమ్మ చెయ్యి ఎంత కదిలితే చీర మజూరీ వస్తుందో తెలిసిన ఇంట్లోంచే ఆ యంత్రం వచ్చింది.

ఇక అమ్మల పని. "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని అడిగితే "ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అనే పిల్లలు ఎంతమందో. కేంద్ర ప్రభుత్వ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. డబ్బు పాఠంలో ఈ పని ప్రస్తావన లేకపోతే, డబ్బు రానిది పనే కాదని పిల్లలు అనుకుంటారు.

చిన్నపిల్లలకు ఈ గొడవలెందుకు అంటారు కొందరు. అప్పుల భయం పిల్లల మీద వేయమని నేను అనడం లేదు. పనిలో పెట్టమని అసలే అనడం లేదు. బీడీలు చుట్టే ఇంటి పిల్లలకు, కూలీల పిల్లలకు ఇవన్నీ ఇప్పటికే తెలుసు. తెలియనిది మన పిల్లలకు. తరగతిలో ఈ చర్చ వస్తే చెప్పేది ఆ పిల్లలు, నోరు తెరుచుకుని వినేది మన పిల్లలు. అలాంటి రోజు ప్రతి బడిలోనూ రావాలి.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల వంటివారి దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. మంచిదే. కానీ ఆరో తరగతికి వచ్చేసరికి గేదెల బెదిరింపు పిల్లలకు బాగా వంటబట్టి ఉంటుంది. ఒకటో తరగతిలోనే మొదలుపెట్టండి. కూరగాయల బండి ఆమెను, ఆటో డ్రైవర్‌ను తరగతికి పిలవండి. ఎన్ని గంటలకు లేస్తారు, సరుకు ఎంతకు కొంటారు, వాడిపోయినవాటిని ఏం చేస్తారు, బండి కిస్తీ ఎంత అన్నవి పిల్లల్నే అడగనివ్వండి. వచ్చినవాళ్లు తమకు చెప్పడం ఇష్టంలేని లెక్కలు చెప్పనక్కర్లేదు. ఒక పూట బేరం వదులుకుని వస్తారు కాబట్టి ఆ పూట సంపాదన బడి ఇవ్వాలి. శాలువా కప్పి, ఫొటో తీసి పంపితే సరిపోదు. డబ్బే ఇవ్వాలి, పిల్లల ముందే ఇవ్వాలి.