ఐస్‌లాండ్‌తో పోల్చాలంటే బరంపురాన్ని పోల్చండి

"ఆ బుల్లి దేశాన్ని చూడండి, మనల్ని చూసుకోండి" అనే ఫార్వర్డులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒడిశాలోని మా బరంపురంలో చుట్టాల గ్రూపు ఒకటుంది. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు, వెనకాలే ఐస్‌లాండ్ రోడ్లు. మొన్న మా మావయ్య అదే పెట్టి "ఏటిరా, ఆళ్ళకి కుదిరింది మనకెందుకు కుదరదు?" అని నన్ను నిలదీశాడు.

కుదరదని నేనూ అనను. కానీ మావయ్యా, ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపు. మన బరంపురం ఊరి జనాభా 2011 లెక్కల్లోనే 3.56 లక్షలు. ఆ దేశం మొత్తం కలిపితే మన మున్సిపల్ కార్పొరేషన్ అంత! నేలేమో లక్షా మూడు వేల చదరపు కిలోమీటర్లు, మన గంజాం జిల్లాకి పన్నెండు రెట్ల పైనే. దాన్ని తెచ్చి 140 కోట్ల దేశం పక్కన నిలబెట్టి సిగ్గుపడమంటే ఎలా? మన కార్పొరేషన్‌తో పోల్చండి. అప్పుడు మురిక్కాలవ గురించి ఎవర్ని అడగాలో ఇట్టే తెలుస్తుంది. అడగడమే కష్టం, మన వార్డు కార్పొరేటర్ రోజూ టీ కొట్టు దగ్గర ఎదురుపడతాడు మరి.

మంగోలియా సంగతి ఇంకా విచిత్రం. ఇండియాలో దాదాపు సగమంత దేశం, జనం 35 లక్షలు. మన గంజాం జిల్లా ఒక్కటే 2011లో 35.29 లక్షలు. వాళ్ళకి చదరపు కిలోమీటరుకి ఇద్దరు, మనకి 430 మంది. ఈ లెక్క చెబితే మా పిన్ని "అయితే అక్కడ స్థలాలు చవకేమో" అంది. పిన్నీ, వాళ్ళల్లో సగానికి దగ్గరగా ఉలాన్‌బాతర్ అనే ఒక్క ఊళ్ళోనే ఇరుక్కుని ఉన్నారు. చలికాలంలో బొగ్గు పొగకి అక్కడ ఊపిరాడదు. సగటుతో వచ్చే చిక్కే ఇది. ఈజిప్టు విస్తీర్ణం పది లక్షల చదరపు కిలోమీటర్లు, కానీ పది కోట్ల పైచిలుకు జనంలో దాదాపు అందరూ నైలు ఒడ్డునా, డెల్టాలోనూ ఉంటారు. అంత దూరం ఎందుకు, మన పక్కనున్న గజపతి జిల్లాలో జనసాంద్రత 134. పర్లాకిమిడి బజార్లో నిలబడి చెబితే ఎవరూ నమ్మరు, మోహన వైపు కొండలెక్కితే నమ్ముతారు.

గజపతి అంటే గుర్తొచ్చింది. 1992లో గంజాం నుంచి విడదీసిన జిల్లా, 2011లో 5.77 లక్షల జనం. ఐరోపాలో మాంటెనెగ్రో జనాభా కూడా ఇంచుమించు అంతే, ఆరు లక్షల పైమాట. దానికి 2006 నుంచి ఐక్యరాజ్యసమితిలో ఓటుంది. గజపతికి సొంతంగా ఎంపీ కూడా లేడు, బరంపురం సీటులో కలిపేశారు. ఆ మాటకొస్తే మన 140 కోట్ల మందికీ ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో ఉన్నది అదే ఒక్క ఓటు. కోపం రావలసిన పోలిక ఇది. దీన్ని మాత్రం ఒక్కరూ ఫార్వర్డ్ చెయ్యరు.

"జనం ఎక్కువైపోయారు, అందుకే మన బతుకులిలా ఉన్నాయి" అనేవాళ్ళకి ఒక మాట. బంగ్లాదేశ్ మన ఒడిశా కంటే కాస్త చిన్నది. అక్కడ 17 కోట్ల మంది, రష్యా కంటే ఎక్కువ. ఒడిశాలో 2011లో 4.2 కోట్లు. ఇక్కడ జనం ఎక్కువై ఏ పని ఆగిందో చెప్పండి, వింటాను.

పైగా మన ఊరి, జిల్లాల, రాష్ట్రం అంకెలన్నీ 2011వే. 2021లో జరగాల్సిన జనగణన కోవిడ్‌తో ఆగిపోయి, ఇప్పుడు 2027కి వచ్చింది. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి పోయిన కుర్రాళ్ళని ఎక్కడ రాయించాలని మా వీధిలో అప్పుడే వాదన మొదలైంది. మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడే లెక్కలోకి వస్తారని ఎంత చెప్పినా మా అత్త ఒప్పుకోవడం లేదు. "ఓటు ఇక్కడుంది, రేషన్ కార్డు ఇక్కడుంది, మా ఓడిని గుజరాత్‌కి ఎలా రాసేత్తార్రా?" అంటోంది.