గోత్రనామాలకు అరగంట, వీళ్లకు ఐదు నిమిషాలా?

కిందటి నవంబరులో రిమెంబ్రెన్స్ సండే (యుద్ధాల్లో చనిపోయిన సైనికులను బ్రిటన్‌లో తలుచుకునే ఆదివారం), మన తెలుగు సంఘం కార్తీక వనభోజనాలు ఒకే రోజు పడ్డాయి. పదకొండింటికి రెండు నిమిషాల మౌనం పాటిద్దామంటే కమిటీలో వచ్చిన జవాబు, "అది పంజాబీల యుద్ధమండీ, మనకేం సంబంధం?" ఆ సమయానికి రాఫిల్ (లక్కీ డ్రా) నడిచింది.

ఆ మాట మనది కాదు. 1880లలో మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న బ్రిటిష్ జనరల్ రాబర్ట్స్‌ది. దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారని ఆయన అభిప్రాయం. ఆ నమ్మకంతోనే మద్రాసు పటాలాలను తగ్గించుకుంటూ పోయారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి అవసరం పడ్డాక చిన్నచూపు చూసిన వాళ్లే కావలసివచ్చారు. తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్న మద్రాస్ శాపర్స్ (సైన్యంలో ఇంజనీరు పనులు చేసే పటాలం) మెసొపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ వెళ్లారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి 'మిలటరీ' అన్న పేరు ఊరికే రాలేదు.

ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ స్మారకం మీద సమాధి దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి, సిపాయిలతో సహా. ఇరాక్‌లో 1929లో ఆవిష్కరించిన బాస్రా స్మారకం తీరు వేరు. బ్రిటిష్ వాడైతే అట్టడుగు హోదా సైనికుడి (ప్రైవేటు) పేరు కూడా చెక్కారు. మనవాళ్లలో సుబేదారు, జమేదారు లాంటి అధికారుల దాకానే పేర్లు. మిగతా సిపాయిలంతా పటాలం పేరు కింద ఒక అంకె. యూరప్ వాళ్ల కళ్లెదుట ఒక న్యాయం, ఎడారిలో ఇంకో న్యాయం. ఈ సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దీనికి క్షమాపణ చెప్పింది 2021లో.

పేర్లు ఇప్పుడు కమిషన్ వెబ్‌సైటులో వెతకొచ్చు. ఇంటిపేరుతో మొదలుపెడితే చాలాసార్లు ఏమీ దొరకదు, సిపాయికి తరచు ఒకే పేరు రాసుకున్నారు. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో 'అదనపు సమాచారం' గడిలో పాత జిల్లా పేరు ఇంగ్లీషులో కొట్టండి: విజగపటం (Vizagapatam), కిస్ట్నా (Kistna), గంజాం (Ganjam). తండ్రి పేరు, ఊరు సాధారణంగా అక్కడే ఉంటాయి. శ్రీకాకుళం వాళ్లు గంజాం కిందే చూడాలి, 1936 దాకా ఆ జిల్లాయే. గుమాస్తా చెవికి తోచినట్టు రాసిన స్పెల్లింగులు కాబట్టి రెండు మూడు రకాలుగా ప్రయత్నించాలి. వంటవాళ్లు, డోలీ మోసినవాళ్లు కూడా చనిపోయారు, సిపాయిలతోనే ఆగిపోకండి.

సత్యనారాయణ వ్రతంలో ప్రతి ఇంటి గోత్రనామాలూ ఓపికగా చదివించుకునే వాళ్లం మనం. ఉత్త మౌనం కన్నా పేరు, తండ్రి పేరు, ఊరు చదవడమే మన పద్ధతికి దగ్గర. వచ్చే నవంబరు రెండో ఆదివారానికి హాలు బుక్ చేసినప్పుడే పదకొండు గంటలకు ఐదు నిమిషాలు కార్యక్రమంలో రాయండి. పులిహోర తాలింపు ఆలోపే అయిపోవాలని వంట బృందానికీ చెప్పండి.