నానో అంటే చిన్నదేగా, దూరిపోతుందిలే అంటే ఎలా?

ఈ మెసేజ్ ఇవాళ మూడోసారి వచ్చింది నాకు. "నానో కణాలు చాలా చిన్నవి కాబట్టి నేరుగా మెదడులోకి దూరిపోతాయి, ఎలుకల్లో ప్రూవ్ అయింది, అల్జీమర్స్, పార్కిన్సన్స్, బ్రెయిన్ ట్యూమర్ ఒక్క ఇంజెక్షన్‌తో నయం, సైడ్ ఎఫెక్టులు జీరో, ఫార్మా కంపెనీలు తొక్కేస్తున్నాయి." ఎలుకల ముక్కలో కాస్త నిజముంది, మిగతాదంతా అతుకులే.

చిన్నవి కాబట్టి దూరిపోతాయా? అసలు తిరకాసు ఇక్కడే ఉంది. మెదడులోని సన్న రక్తనాళాల గోడ కణాలు ఒకదానికొకటి సీలు వేసినట్టు అతుక్కుని ఉంటాయి, ఆ సందుల్లోంచి ఉప్పు అయాన్లు కూడా ఇష్టమొచ్చినట్టు పోలేవు. గ్లూకోజ్ అణువు ఒక నానోమీటర్ లోపే, అయినా దానికి కూడా గ్లట్1 అనే ప్రత్యేకమైన గేటు కావాల్సిందే. మందు మోసే లైపోజోమ్ (కొవ్వు పొరతో చేసిన చిన్న బుడగ) సుమారు 100 నానోమీటర్లు! గ్లూకోజ్ గోళీ అనుకుంటే ఇది మనిషెత్తు బంతి. ఇంక సందులో దూరేదెక్కడ.

మరి ఎలుకల్లో ఎలా వెళ్లింది అంటారా, వేషం వేసుకుని వెళ్లింది. 1995లో జర్మనీ శాస్త్రవేత్త క్రాయిటర్ టీమ్ డాలార్జిన్ అనే నొప్పి తగ్గించే మందుని ఎలుకలకి ఎక్కించారు, ఉత్త మందు ఇస్తే ఏమీ లేదు, అదే మందుని నానో కణాల మీద పెట్టి పైన పాలిసార్బేట్ 80 అనే సబ్బులాంటి పదార్థం పూత వేసి ఇస్తే పనిచేసింది. తర్వాత తేలిందేంటంటే ఆ పూతకి రక్తంలో కొవ్వుని మోసే అపో-ఈ ప్రోటీన్ అంటుకుంటుంది, గోడ కణం దాన్ని చూసి ఇది మన కొవ్వు సరుకేలే అనుకుని లోపలికి లాక్కుంటుంది. పోనీ గట్టిగా పట్టుకునే తాళంచెవి తగిలిస్తే ఇంకా బాగా వెళ్తుందా అంటే అదీ లేదు, ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టార్‌ని (గోడ కణాల మీద ఇనుముని లోపలికి తీసుకునే గేటు) మరీ గట్టిగా పట్టుకున్న యాంటీబాడీలు గోడలోనే ఇరుక్కుపోతున్నాయని, పట్టు వదులు చేస్తేనే ఎక్కువ దాటుతున్నాయని 2011లో చూపించారు. నాకైతే ఈ సబ్జెక్టులో బాగా నచ్చే సంగతి ఇదే.

ఒక్క ఇంజెక్షన్‌తో నయమట! ఎక్కించిన కణాల్లో చాలా భాగాన్ని లివర్, స్ప్లీన్ మింగేస్తాయి, మెదడుకి చేరేది చాలా కొంచెం. చేరినా అది లారీయే కదా, జబ్బుని నయం చేసే సరుకు ఉంటేగా లోడ్ చెయ్యడానికి, అల్జీమర్స్‌కి ఆ సరుకే ఇంకా లేదు.

సైడ్ ఎఫెక్టులు జీరో అనేవాళ్లు డాక్సిల్ గురించి చదవాలి, అది డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందుని లైపోజోమ్‌లో పెట్టి చేసింది. లైపోజోమ్‌లో పెట్టినందుకు గుండె మీద దెబ్బ తగ్గింది నిజమే, కానీ అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడటం ఉత్త మందు కంటే ఎక్కువైంది.

తొక్కేస్తున్నారా? అదే డాక్సిల్‌ని అమెరికాలో 1995 నుంచీ అమ్ముతున్నారు, 2018లో ప్యాటిసిరాన్ వచ్చింది, అది లివర్‌కి వెళ్లే నానో మందు. మెదడుకీ అలాంటిది పనిచేస్తే దాచుకుంటారా, ఎగబడి అమ్ముకుంటారు గానీ.

ఇదంతా ఎందుకు రాశానంటే, మా పెదనాన్న ఆ మెసేజ్ చూసి "లెవోడోపా ఆపేసి ఈ ఇంజెక్షన్ కోసం చూద్దామా రా" అని అడిగారు, లెవోడోపా అంటే పార్కిన్సన్స్‌కి ఇచ్చే మందు. ఆపొద్దు పెదనాన్నా, నువ్వు మింగే ఆ మాత్ర అమైనో ఆమ్లాల గేటులోంచి ఏ నానో సాయం లేకుండానే రోజూ మెదడులోకి వెళ్తోంది.