ట్రయల్ మహాశయులకు

మహారాజశ్రీ ట్రయల్ గారి సముఖానికి,

బెంగళూరు జయనగర్ నుంచి పాత జీపును అమ్మకానికి పెట్టిన ఒక యజమాని చేసుకొను విన్నపము. "ఒక్క రౌండు ట్రయల్ చూసి టోకెన్ ఇచ్చేస్తాం సార్" అన్న మాట నమ్మి, జేసీ రోడ్డులో దుకాణం దుకాణం తిరిగి సామాను తెచ్చి మూడేళ్లపాటు బాగుచేయించిన నా 1964 నాటి సీజే-3బీ జీపు తాళాలను, నిన్న ఆదివారం మధ్యాహ్నం తమరి భక్తుడొకరి చేతిలో పెట్టాను. ఆయన భార్య, బావమరిది, ఇద్దరు పిల్లలు ఎక్కిన తరువాత నాకు చోటు మిగలనందున గేటు దగ్గరే నిలబడిపోయాను.

పదిహేను నిమిషాలన్నవారు గంటన్నరకు వచ్చారు. బండిని చూడకముందే "లాస్ట్ ఎంత" అని అడిగినందుకు నాకు కోపం లేదు. పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకుంటే 2021 నాటి నిబంధనల ప్రకారం రోజూ ఆఫీసుకు తిప్పకూడదని చెబితే, "ఎవరు చూస్తారు సార్" అన్నందుకూ లేదు.

కానీ ఆ లీవరు! గేరు రాడ్డు పక్కనున్న రెండు చిన్న లీవర్లలో ఒకటి ముందు చక్రాలకూ శక్తినిస్తుంది. అది వేస్తే ముందు ఇరుసూ వెనుక ఇరుసూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి కనుక, మట్టిలోనైతే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు మీద జారే వీలు లేక ఆ బిగువంతా ఇంజిను శక్తిని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. పిల్లలకు ఫోర్ వీల్ చూపించాలన్న ముచ్చటతో ఆ పెద్దమనిషి దానిని లాల్‌బాగ్ పక్క తారు రోడ్డు మీద లాగి, మలుపు మలుపుకూ టైర్లను కీచుమనిపించి, లీవరు బిగుసుకుపోయిన బండిని నాకప్పగించి, "ఏదో లోపముంది, యాభై వేలు తగ్గించండి" అన్నాడు.

లోపమా? ఒరే ట్రయల్, నీ పేరు చెప్పుకొని నా ట్యాంకులో పెట్రోలు తాగి, నా సీటు మీద ఐస్‌క్రీం కార్చి, నా బండికే వంక పెడతావా?

చీకటి పడ్డాక వెనుక వీధిలోని ఖాళీ స్థలానికి తీసుకెళ్లి, మట్టిలో నాలుగడుగులు రివర్సు చేయగానే టక్కుమని లీవరు బిగువు వదిలింది. ఇంజిను ఆపబుద్ధి కాక కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంటికి వచ్చి ప్రకటనలో ధర ముట్టుకోలేదు, కింద ఒక్క వాక్యం చేర్చాను: "స్టీరింగు దగ్గర నేనే కూర్చుంటాను."

ఇట్లు,
జీపు యజమాని