చిల్లర ఇవ్వకుండా దించేసిన బస్సుకు

మహారాజశ్రీ గ్రేహౌండ్ బస్సు గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీ పేరు వినగానే మావాళ్లు కాస్త కంగారుపడతారు. మా దగ్గర గ్రేహౌండ్స్ అంటే నక్సలైట్ల కోసం అడవులు గాలించే పోలీసులు. మీరు ఆ బాపతు కాదని, ఒంటి మీద పరిగెత్తే కుక్క బొమ్మ వేసుకుని అమెరికా ఊళ్ల మధ్య తిరిగే ఎర్రబస్సు లాంటివారని ముందే చెప్పేస్తున్నాను.

విషయానికొస్తాను. 1983 ఏప్రిల్ 11న న్యూయార్క్‌లో మీరొక కుర్రాణ్ని ఎక్కించుకున్నారు. ఎర్ర జుట్టు, 21 ఏళ్లు, రాత్రి తాగింది ఇంకా దిగని మొహం. పేరు డేవ్ మస్టేన్. ఆ రోజు పొద్దున నిద్ర లేచేదాకా అతను మెటాలికా అనే హెవీ మెటల్ (చెవులు చిల్లులు పడే రాక్ సంగీతం) బ్యాండ్‌లో లీడ్ గిటారిస్టు. మొదటి ఆల్బమ్ రికార్డు చేద్దామని నలుగురూ కాలిఫోర్నియా నుంచి దేశం ఆ చివర్నుంచి ఈ చివరికి బండి తోలుకుంటూ వచ్చారు. తీరా వచ్చాక మిగిలిన ముగ్గురూ అతన్ని లేపి, సామాను సర్దుకోమన్నారు. ఇంకో ఛాన్స్ లేదా అన్నాడు. లేదన్నారు. సరే, ఫ్లైట్ ఎన్నింటికి అని అడిగాడు. అప్పుడు చేతిలో పెట్టారు మీ టికెట్.

వాళ్లది తప్పని నేననను. తాగితే ఇతనికి నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు. ఆ మాట అతనే ఒప్పుకున్నాడు. కాకపోతే తాగుడు ఎక్కువైందని తీసేసిన ఆ బ్యాండ్‌ను అభిమానులు ముద్దుగా ఏమని పిలిచేవారో తెలుసా? ఆల్కహాలికా. ఇంకో ముచ్చట. అంతకు ముందు ఏడాది రిహార్సల్‌కి తన కుక్కను తీసుకెళితే, అది బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేవాడి కారు మీద కాళ్లు పెట్టింది. గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ దాన్ని తన్నాడు. ఇతను హెట్‌ఫీల్డ్ మూతి మీద గుద్దాడు. కుక్క దగ్గర మొదలైన గొడవకు కుక్క బొమ్మ ఉన్న బస్సులో సాగనంపారు. ఎవరూ కావాలని చేసింది కాదులెండి.

నా ఫిర్యాదు మీ మీదే. విమానమైతే ఆరు గంటలు. కునుకు తీసి లేచేసరికి ఇల్లు వచ్చేది. వాళ్లమ్మ దగ్గర నాలుగు తిట్లు తిని ఊరుకునేవాడు. మీరు నాలుగు రోజులు తిప్పారు. మా ఇళ్లల్లో ఆవకాయ కలిపాక జాడీకి గుడ్డ కట్టేస్తారు. మూడో రోజు మూత తీసి తిరగ కలిపితే నూనె పైకి తేలి ఉంటుంది, ఘాటు ముక్కులోకి కొడుతుంది. మీరు ఒక మనిషిని, జేబులో చెప్పుకోదగ్గ డబ్బుల్లేని మనిషిని, కిటికీ పక్కన కూర్చోబెట్టి నాలుగు రోజులు ఊరబెట్టారు. పైగా చదువుకోవడానికి ఒక కరపత్రం కూడా దొరికేలా చూశారు.

ఆ కరపత్రం కాలిఫోర్నియా సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్‌ది. అణ్వాయుధాల గురించి. అందులో మెగాడెత్ అనే మాట ఉంది. పది లక్షల మంది చస్తే ఒక మెగాడెత్. అణుయుద్ధం లెక్కలు కట్టేవాళ్ల కొలత అది, మనం వడ్లను బస్తాల్లో లెక్కేసినట్టు. మెటాలికా వాళ్ల మీద కత్తి నూరుతున్న కుర్రాడికి ఆ సైజు నచ్చింది. దాని చుట్టూ పాట అల్లుకున్నాడు, ఆనక అదే బ్యాండ్ పేరైంది. ఇంగ్లీషులో ఒక అక్షరం తీసేశాడు. తెలుగులో రాస్తే ఆ తేడా కనబడదు, మన లిపి అలాంటి వేషాలు సాగనివ్వదు. పాపం ఆ సెనేటర్ గారు శాంతి కోసం పంచిన కాగితం అది.

అసలు గొడవ మాత్రం చిల్లర దగ్గరుంది. మా బస్సుల్లో కండక్టరు దగ్గర చిల్లర లేకపోతే టికెట్ వెనకాల రాసిస్తాడు. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. మరిచిపోయి దిగామా, అయిపోయింది. ఇంట్లో ఎవరు పలకరించినా ఆ పన్నెండు రూపాయలే గుర్తొస్తాయి. అన్నం సహించదు. మస్టేన్ టికెట్ వెనకాల నాలుగు పాటలు రాసి ఉన్నాయి. అతను దిగిన మూడు నెలలకు, 1983 జులైలో మెటాలికా మొదటి ఆల్బమ్ వచ్చింది. అందులో నాలుగు పాటల రచనలో ఇతని పేరుంది. మరుసటి ఏడు రెండో ఆల్బమ్‌లో ఇంకో రెండు. పాటల మధ్యలో వచ్చే గిటార్ సోలోలు వాయించింది మాత్రం ఇతని స్థానంలో వచ్చిన కిర్క్ హామెట్. పెళ్లి తప్పిపోయింది గానీ శుభలేఖలో పేరు ఉండిపోయింది.

లాస్ ఏంజెలెస్‌లో దిగాక ఏం చేశాడో మీకు తెలియదు కదా, చెబుతాను. హాలీవుడ్‌లో ఒక అపార్ట్‌మెంట్. కింది వాటాలో మిన్నెసోటా నుంచి అప్పుడే దిగిన 18 ఏళ్ల పిల్లాడు డేవిడ్ ఎల్లెఫ్సన్ పొద్దున్నే బేస్ గిటార్ సాధన మొదలుపెట్టాడు. పై వాటాలో మనవాడికి రాత్రి దిగలేదు. చేతికందిన పూలకుండీ విసిరాడు. అది వెళ్లి కింది కిటికీ ఏసీకి తగిలింది. ఆ పిల్లాడు పోలీసులకు ఫోన్ చేయాల్సింది. చేయకుండా పైకెక్కి సిగరెట్లు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. మొహం మీదే తలుపు పడింది. కాసేపాగి బీరు సంగతి ఎత్తాడు. తలుపు తెరుచుకుంది. మెగాడెత్ పుట్టుక అలా జరిగింది.

పాడేవాడి కోసం చాలామందిని చూశారు, ఒక్కడూ కుదర్లేదు. చివరికి తనే మైకు ముందు నిలబడ్డాడు. ఆ గొంతు తీయనిదని అతని వీరాభిమాని కూడా అనడు. పళ్లు కలిపి పట్టుకుని, పెదవి ఒక పక్కకు వంచి, మాటను నములుతూ వదులుతాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు తిరిగివ్వమని ఓనరుతో వాదిస్తుంటే మనకు ఏ గొంతు వస్తుందో అదే. ఆ గొంతు అక్కడ పైకి నడుస్తుంటే కింద ఎడమ చెయ్యి ఇంకో లోకంలో ఉంటుంది. స్పైడర్ కార్డ్ అని ఒక పట్టు కనిపెట్టాడు. వేళ్లను సాలీడు కాళ్లలా తలా ఒక తీగ మీద పరిచి, చెయ్యి ఎత్తి పెట్టే పని లేకుండా కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) నుంచి కార్డుకు పాకిపోవడం. అలా వాయిస్తూ పాడటం ఎంత కష్టమో తెలియాలంటే ఒక చేత్తో పొట్ట రుద్దుకుంటూ ఇంకో చేత్తో నెత్తి మీద తట్టుకుంటూ ఎవరినైనా తిట్టి చూడండి.

మొదటి ఆల్బమ్‌కు కంపెనీ ఇచ్చింది 8,000 డాలర్లు. అందులో సగం మత్తుకీ, మందుకీ, తిండికీ పోయింది. ప్రొడ్యూసర్‌ని పంపించేసి తామే ముగించారు. మెటాలికా ఆల్బమ్‌లోకి వెళ్లిన నాలుగు పాటల్లో ఒకటి ఇందులోనూ ఉంది. వాళ్లు మాటలు మార్చి, మధ్యలో నిదానించారు. ఇతను పాత మాటలతో, ఆగకుండా, బ్రేకుల్లేని లారీలా తోలాడు.

1992లో ఇతని ఆల్బమ్ అమెరికా చార్టులో రెండో స్థానానికి వెళ్లింది. మొదటి స్థానం మెటాలికాదై ఉంటే కథ రక్తికట్టేది. అడ్డం నిలబడింది బిల్లీ రే సైరస్ అనే కంట్రీ గాయకుడు. పులిని కొడదామని అడవికి పోతే దారిలో ఆవు అడ్డొచ్చింది. ఆ ఆల్బమ్ అమెరికాలో 20 లక్షల కాపీలు దాటింది. ఎవరికైనా చాలు. కానీ మెటాలికా 1991 ఆల్బమ్ అక్కడే కోటిన్నర దాటింది. మా ఇళ్లల్లో ఈ జబ్బు బాగా తెలుసు. కొడుక్కి లక్ష జీతమని స్వీట్లు పంచబోయే తండ్రికి పెదనాన్న కొడుకు జీతంలో ఇంకో సున్నా ఉందని తెలుస్తుంది. స్వీట్ల డబ్బా మూత పడిపోతుంది.

2001లో మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్‌తో ఎదురెదురుగా కూర్చుని ఇదంతా చెప్పుకున్నాడు. పక్కన థెరపిస్టు, చుట్టూ కెమెరాలు. అప్పటికి 40 ఏళ్లవాడు, లక్షల రికార్డులు అమ్మినవాడు, 18 ఏళ్ల కిందటి ఆ పొద్దుట దగ్గరే ఆగిపోయి మాట్లాడాడు. అది మెటాలికా డాక్యుమెంటరీలో పెట్టడం ఇష్టంలేదని తర్వాత మళ్లీ గొడవ.

మా బస్సుల్లో కిటికీ పైన రాసి ఉంటుంది, చేతులు బయట పెట్టరాదని. కుర్చీలకు అలాంటి బోర్డు ఉండదు. 2002లో టెక్సస్‌లో వ్యసనాలు మాన్పించే చోట ఉండగా, ఎడమ చెయ్యి కుర్చీ వెనక్కి వేలాడేసి నిద్రపోయాడు. లేచేసరికి నరం నలిగి చెయ్యి పడిపోయింది. సాలీడు కాళ్లు కదల్లేదు. బ్యాండ్ రద్దు చేశాడు. నెలల తరబడి ఫిజియోథెరపీ, పసిపిల్లాడిలా మళ్లీ మొదటి నుంచి వేళ్లకు పాఠాలు. 2004లో కొత్త ఆల్బమ్‌తో తిరిగొచ్చాడు.

2008 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు నేను హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో వెళ్లి చూశాను. చివరి సీటు, ఏసీ కారుతోంది, టీవీలో తెల్లవార్లూ ఫ్యాక్షన్ సినిమా. ఒక్క రాత్రికే డ్రైవరు మీద పగ పెంచుకున్నాను. నాలుగు రోజులంటే ఏమిటో ఆ రోజు కొంచెం అర్థమైంది. పన్నెండు గంటల కుదుపుల తర్వాత ఆ చెయ్యి గిటార్ మీద పాకడం చూస్తే మెడ నొప్పి గుర్తురాలేదు. మర్నాటికి రెట్టింపైందనుకోండి, అది తల ఊపినందుకు.

తర్వాత రాజీలు కుదిరాయి. 2010లో బల్గేరియా రాజధాని సోఫియాలో మెటాలికా, మెగాడెత్‌తో సహా నాలుగు పెద్ద మెటల్ బ్యాండ్‌ల వాళ్లు ఒకే వేదిక మీద వాయించారు. 2011 డిసెంబర్‌లో మెటాలికా 30 ఏళ్ల పండగకు శాన్‌ఫ్రాన్సిస్కోలో వాళ్లతో కలిసి పాత పాటలు వాయించాడు. ఇక చిల్లర లెక్క తీరిందనుకున్నాం.

2017 ఫిబ్రవరిలో గ్రామీ వచ్చింది. పన్నెండో నామినేషన్‌కి మొదటి గెలుపు. పేరు పిలిచారు. లేచాడు, మెట్లవైపు నడుస్తున్నాడు. అక్కడి వాద్యబృందం స్వాగతంగా పాట అందుకుంది. మెటాలికా పాట! అదీ 1986 నాటిది, ఇతన్ని పంపేసిన మూడేళ్లకు వచ్చింది. రెండో పెళ్లి పీటల మీదికి నడుస్తున్నవాడికి మొదటి మామగారి ఊరి బ్యాండుమేళం ఎదురొచ్చినట్టు. పాతికేళ్ల కిందటి మస్టేన్ అయితే ఆ బృందం మీదికి పూలకుండీ వెళ్లేది. ఇతను నడుస్తూనే గాల్లో గిటార్ పట్టుకుని ఆ పాటే వాయిస్తున్నట్టు చేతులాడించాడు. మనసులో ఏముందో కానీ, తాళం మాత్రం తప్పలేదు.

2019 గురించి వేళాకోళం లేదు. గొంతు క్యాన్సర్. 51 సార్లు రేడియేషన్, 9 సార్లు కీమో. మరుసటి ఏడు మొదట్లోనే వేదికెక్కి పాడాడు. అదే గొంతు, అడ్వాన్సు అడిగే గొంతు.

2025లో చెప్పాడు, ఇంకొక్క ఆల్బమ్, ఒక వీడ్కోలు పర్యటన, ఆపై సెలవని. ఆ ఆఖరి ఆల్బమ్‌లో అదనంగా ఒక పాట చేర్చాడు. మెటాలికాదే, రెండో ఆల్బమ్‌లోది, రాసినవాళ్లలో తన పేరున్నది. టికెట్ ఇంకా పారేయలేదన్నమాట.

ఇట్లు,
చివరి సీటు ప్రయాణికుడు

తా.క.: ఆ రోజు న్యూయార్క్ నుంచి విమానం టికెట్‌కీ మీ టికెట్‌కీ తేడా ఎన్ని డాలర్లో మీ పాత రిజిస్టర్లు చూసి చెప్పగలరా? వాళ్లు ముగ్గురూ ఎంత మిగుల్చుకున్నారో తెలుసుకుందామని.