ఎనిమిదో ఇన్నింగ్స్‌లో లేచిపోయే మహానుభావులకు

మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే బేస్‌బాల్‌లో, ఎనిమిదోది రాగానే స్టేడియంలో కొందరు మేధావులు లేస్తారు. జేబులో కారు తాళాలు తడుముకుంటూ, పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ "సారీ, ట్రాఫిక్" అంటారు. టికెట్‌కీ, పార్కింగ్‌కీ, హాట్‌డాగ్‌కీ ఆస్తులు రాసిచ్చి, రెండున్నర గంటలు కూర్చుని, తీరా అసలు కథ మొదలయ్యే వేళకి బయల్దేరే ఈ దూరదృష్టికి చేతులెత్తి మొక్కాలి. పెళ్లికెళ్లి, మాంగల్యధారణ టైముకి చెప్పులు వెతుక్కునే రకం.

1988 అక్టోబర్ 15, లాస్ ఏంజెలిస్ డాడ్జర్ స్టేడియం, అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్ ఆఖర్లో ఓక్లాండ్ 4, డాడ్జర్స్ 3. ఇద్దరు ఔట్, మూడోవాడు కూడా ఔటైతే ఆట ముగిసినట్టే. బంతి ఓక్లాండ్ పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, డెనిస్ ఎకర్స్‌లీ చేతిలో. మన ట్రాఫిక్ శాస్త్రవేత్తలు అప్పటికే లెక్క తేల్చేశారు. ఆ తర్వాత డాడ్జర్స్‌లో ఒకడికి వాక్ దొరికింది, అంటే నాలుగు చెడ్డ బంతులు పడి ఊరికే మొదటి బేస్‌కి చేరాడు. ఆ వెనకే బ్యాటింగ్‌కి రెండు కాళ్లూ దెబ్బతిన్న కర్క్ గిబ్సన్ కుంటుకుంటూ వచ్చాడు. మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్ (మూడో స్ట్రైక్ పడితే ఔటే) దాకా లాగి, స్లైడర్ అనే పక్కకి తిరిగే బంతిని రైట్ ఫీల్డ్ గ్యాలరీలోకి కొట్టాడు, మన సిక్సర్ లాంటి హోమ్ రన్. 5-4, డాడ్జర్స్ గెలుపు.

ఆ వీడియో ఈసారి చూసేటప్పుడు గిబ్సన్‌ని వదిలేసి, బంతి పడిన గ్యాలరీ వెనక పార్కింగ్ చూడండి. చీకట్లో ఎర్రగా బ్రేక్ లైట్లు! ఆ కార్లలో ఒకదాంట్లో ఒకాయన ఉన్నాడనుకుందాం. అందరికంటే ముందు గేటు దగ్గరికొచ్చానని మురిసిపోతున్నాడు. రేడియోలో మ్యాచే పెట్టుకున్నాడు, ఆసక్తి లేక కాదండోయ్! ఇంతలో అరుపు. రేడియోలోంచా, కిటికీలోంచా అని ఒక్క క్షణం తికమక. రెండింట్లోంచీ. కాలు బ్రేక్ మీద పడింది. పక్కన భార్య ఏమీ అనలేదు, అనక్కర్లేదు కూడా. వెనక్కి తిప్పితే చూడ్డానికేం మిగల్లేదు, ముందుకి పోతే ఇంట్లో టీవీలో రీప్లే వస్తుంది, అందులో తన కారు వెనక లైట్లు కూడా ఉంటాయి. పిల్లలు పెద్దయ్యాక "నాన్నా, ఆ మ్యాచ్‌లో నువ్వున్నావా" అంటే, ఉన్నాను, అదిగో ఆ ఎర్ర చుక్క.

బుద్ధొచ్చిందా? 2006 సెప్టెంబర్ 18, అదే స్టేడియం. శాన్ డియేగో మీద డాడ్జర్స్ 9-5తో వెనకబడి ఉన్నారని మన ట్రాఫిక్ శాస్త్రవేత్తలు మళ్లీ లేచారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వరసగా నాలుగు హోమ్ రన్లు, 9-9. సమమైతే ఇంకో ఇన్నింగ్స్ ఆడాలి కదా, ఆ పదో ఇన్నింగ్స్‌లో శాన్ డియేగో ఒక పరుగు తీసినా, డాడ్జర్స్ బ్యాటర్ గార్సియపారా ఇంకోటి బాది 11-10తో ముగించాడు.

క్రికెట్‌లో ఆఖరి బంతికి పదిహేను కావాలంటే లేచిపోండి, తప్పులేదు, లెక్క కుదరదు. బేస్‌బాల్‌కి ఇన్ని బంతులే అన్న లెక్కే లేదు. ఇప్పుడు బంతికీ బంతికీ మధ్య టైము కొలిచే పిచ్ క్లాక్ వచ్చింది గానీ అది పిచ్చర్‌ని తొందరపెట్టడానికే, ఆట ముగించడానికి కాదు. పది పరుగులు వెనకున్నా సరే, ఆఖరి ఔట్ పడేదాకా దారి మూసుకుపోదు. నమ్మకపోతే డాలస్‌లో ఉన్న మనవాళ్లని అడగండి. 2011 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో టెక్సాస్ రేంజర్స్ కప్పుకి ఒక్క స్ట్రైక్ దూరంలో రెండుసార్లు, తొమ్మిదిలో ఒకసారి, పదిలో ఒకసారి, నిలబడి కూడా ఓడిపోయింది. ఏడోదీ పోయింది.

పెద్దవాళ్లు పోతే పోనీ. నాకు ఒళ్లు మండేది పిల్లల విషయంలో. ఒక చేతికి గ్లవ్ తొడుక్కున్న పిల్లాడు, రెండో చెయ్యి నాన్న లాగుతుంటే, మెట్టు మెట్టుకీ మైదానం వైపు తిరిగి చూస్తూ పోతుంటాడు. ట్రాఫిక్ సంగతి వాడడిగాడా? రేపు పొద్దున మీటింగ్ వాడికుందా? మైదానంలో ఉన్న తొమ్మిదిమందీ ఇంకా ఓటమి ఒప్పుకోలేదు, పాప్‌కార్న్ తిన్న మీరెవరండీ ఒప్పుకోడానికి? అది చాలక ఆ ఒప్పుకోలు వాడికి కూడా నేర్పిస్తున్నారు. సిగ్గుండాలి. అంత తొందరైతే మీరెళ్లి కారు తీసి గేటు దగ్గర పెట్టుకుని రేడియో వింటూ కూర్చోండి. వాణ్ణి ఇక్కడే మీ ఆవిడ దగ్గర వదిలెయ్యండి, ఆట అయ్యాక వస్తాడు.