నిప్పుకి టేపు చూపిస్తాం

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటు ఎత్తు 17.9 మీటర్లు. ఆ కట్టకుండా వదిలేసిన పది సెంటీమీటర్లలోనే ఉంది మా బిల్డరుగారి తెలివంతా. నివాస భవనం 18 మీటర్లకు చేరితే అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలి, దుకాణాల భవనమైతే 15కే కావాలి. నిప్పు కూడా టేపు పట్టుకునే వస్తుందనీ, 17.9 అని చూసి "అయ్యో, మీది కాదాండీ" అని వెనుదిరుగుతుందనీ మా గట్టి నమ్మకం.

1999 నాటి మన అగ్నిమాపక చట్టం బాధ్యతను యజమాని మీదో, అందులో ఉంటున్నవాళ్ల మీదో పెట్టింది. మాకు ఆ "దో" చాలు. యజమాని డాలస్‌లో ఉండి అద్దెకున్నవాళ్లను చూపిస్తాడు. వాళ్లు అసోసియేషన్ని, అసోసియేషన్ బిల్డర్ని చూపిస్తారు. ఆయన మధురవాడలో ఇంకో 17.9 కడుతున్నాడు.

అలాగని భద్రత పట్టదనుకునేరు! కింద కార్లు పెట్టే స్టిల్టులో మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటుంది. దసరాకి కార్లతోపాటు దానికీ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తాం. ఆ బొట్టు సరిగ్గా ప్రెషర్ గేజీ అద్దం మీద పడింది. ముల్లు ఆకుపచ్చలో ఉందో ఎరుపులో ఉందో ఇక అమ్మవారికే తెలియాలి. రీఫిల్ తేదీ రాసిన చీటీని సముద్రపు గాలి తినేసింది కాబట్టి గడువు దాటిందనడానికి ఆధారం లేదు. పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది, పిల్లలు పీకేస్తారన్న బెంగా లేదు.

దాని పక్కనే కరెంటు మీటర్లు, మీటర్ల కింద రాత్రంతా చార్జింగ్‌లో నాలుగు స్కూటర్లు, వాటిని ఆనుకునే మెట్లు. కింద అంటుకుంటే ఆ మెట్లదారి పొగగొట్టమే. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లోనూ మంట పుట్టింది కింద పార్కింగు దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్లో. పైన బాల్కనీలో దారి దొరక్క, పొగకి ఊపిరాడక 59 మంది పోయారు. మీటింగులో ఈ మాటెత్తితే ప్రెసిడెంటుగారు "మనది సినిమా హాలు కాదు కదండీ" అని తేల్చేశారు. నిజమే. హాల్లో మెట్ల మీద చెప్పుల స్టాండు, పాత కూలరు, మూడో అంతస్తువారి కట్నం బీరువా ఉండవు.

డాబా తలుపుకి తాళం ఉందన్న సంగతి 2023 నవంబరులో బయటపడింది. ఆ రాత్రి ఫిషింగ్ హార్బరులో పదుల కొద్దీ బోట్లు తగలబడుతుంటే, చూద్దామని అందరం పైకి ఉరికాం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ పాలకొండలో మేనల్లుడి పెళ్లిలో. "ఎవరి దగ్గరా డూప్లికేటు లేదా?" అని సెక్రటరీగారు కేకలేశారు. ఊరి మంట చూడలేకపోయామని అప్పట్లో అందరికీ ఎంత బాధో! మర్నాడే డూప్లికేటు చేయించారు. అదిప్పుడు సెక్రటరీగారి బీరువాలో భద్రంగా ఉంది.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు పేలుడులో ప్రాణాలొదిలిన అగ్నిమాపక సిబ్బంది గుర్తుగా ఏటా ఆ రోజు నుంచి వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి మేమూ మాక్ డ్రిల్ పెట్టుకున్నాం, టిఫిన్లు కూడా చెప్పేశాం. తెల్లారేసరికి గ్రూపులో సెక్రటరీగారి మెసేజ్: "లిఫ్టు రిపేరులో ఉన్నందున, పెద్దవాళ్లు కిందికి దిగలేరు కనుక, డ్రిల్ వాయిదా. టిఫిన్లు మాత్రం ఎనిమిదింటికే."